వరద తగ్గి రెండు నెలలైంది. ఆ ఊరికి ఇంకో మూడేళ్లు తోడుండాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు పదిహేను మంది స్నేహితులు. వరద వచ్చిన వారంలోనే ఒక ఊరు చేరుకుని తిండి, దుప్పట్లు, మందులు పంచారు, ఇళ్లలో బురద ఎత్తిపోశారు. ఇప్పటికి రెండు నెలలైంది. విరాళాల్లో సగానికి పైగా ఇంకా చేతిలోనే ఉంది. టీవీ వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు, మీ గ్రూపులో కూడా సగం మంది మెసేజ్ చూసి ఊరుకుంటున్నారు. మిగిలిన డబ్బుతో ఇళ్లు కట్టిద్దామని కొందరు, ఉపాధి చూపిద్దామని కొందరు పట్టుబడుతున్నారు. దీర్ఘకాలం తోడుండాలని అందరూ అంటారు గానీ, రోజువారీగా అంటే ఏం చేయాలని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మిగిలిన డబ్బును ఇప్పుడే ఖర్చు పెట్టేయకండి. ఇళ్లు మీరు కట్టించకండి. ఒక్క ఊరినే పట్టుకోండి. ఆ ఊరి మనిషినే ఒకరిని నెల జీతం మీద పెట్టుకుని, ఎవరి పరిహారం కాగితం ఏ ఆఫీసులో ఆగిందో చూసి కదిలించే పని అప్పగించండి. మీలో ఇద్దరో ముగ్గురో నెలకోసారి తప్పకుండా వెళ్లిరండి, మూడేళ్లపాటు.

వినడానికి చప్పగా ఉంటుందని తెలుసు. ఫొటోలకు పనికొచ్చేదేమీ ఇందులో లేదు. కానీ తుపాన్లు, వరదలు, భూకంపాల తర్వాతి పునరావాస పనుల్లో ఇరవై ఏళ్లకు పైగా తిరిగాను. చిన్న బృందాలు చేయగలిగిన వాటిలో దీనంత గట్టిగా పనిచేసింది ఇంకోటి నేను చూడలేదు.

ఎందుకు ఆగమంటున్నానో చెబుతాను. విపత్తు తర్వాత జనం మనసు ఎలా మారుతుందో చెప్పడానికి ఈ రంగంలో వాళ్లు ఒక వంకర గీత గీసి చూపిస్తారు. మొదటి రోజుల్లో అందరూ వీరులే, ఎవరు ఎవరిని భుజాన మోసుకొచ్చారో లెక్కే ఉండదు. తర్వాత కొన్ని వారాలు ఒక రకమైన ఊపు. ఎవరెవరో వస్తున్నారు, అన్నీ ఇస్తామంటున్నారు, మునుపటికంటే బాగుపడతామేమో అన్న ఆశ. అక్కణ్నుంచి గీత కిందికి జారుతుంది. వచ్చినవాళ్లు వెళ్లిపోతారు, పరిహారం జాబితాలో పేరు కనిపించదు, అద్దెలు పెరుగుతాయి, చేబదులిచ్చినవాళ్లు అడగడం మొదలుపెడతారు. ఈ నిస్పృహ నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటి సాగుతుంది. ఆ తర్వాతే మెల్లగా, ఎగుడుదిగుడుగా పైకి రావడం. మీరిప్పుడున్నది గీత జారడం మొదలయ్యే చోట. బయటివాళ్ల డబ్బూ ఓపికా అయిపోయేది కూడా సరిగ్గా ఇక్కడే.

ఎంతకాలం పడుతుందన్నది కూడా చూడండి. 1995 జనవరి 17న జపాన్‌లో కోబె భూకంపం వచ్చింది. అంత డబ్బున్న దేశంలో కూడా తాత్కాలిక ఇళ్లలోంచి చివరి కుటుంబం బయటపడేసరికి 2000 జనవరి అయింది. 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలోని ఆచే ప్రాంతం కోసం ప్రత్యేకంగా పెట్టిన పునర్నిర్మాణ సంస్థ 2005 నుంచి 2009 దాకా నాలుగేళ్లు పనిచేసింది. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న భూకంపం వస్తే, పునర్నిర్మాణం చూసే ప్రభుత్వ సంస్థ పని మొదలుపెట్టేసరికే డిసెంబరు వచ్చింది. అది 2021 చివరిదాకా నడిచింది. కాబట్టి రెండు నెలలకే 'ఇంకా ఏమీ కాలేదే' అని మీ దాతలెవరైనా అంటే కంగారు పడకండి. వాళ్లకు ఉన్నదున్నట్టు రాయండి: 'డబ్బు బ్యాంకులో ఉంది, ఎనిమిదో నెలలో దీని అవసరం ఇప్పటికంటే ఎక్కువ, అందుకే దాచాం' అని. నా అనుభవంలో నూటికి తొంభై మంది అర్థం చేసుకుంటారు. అర్థం చేసుకోని ఒకరిద్దరు తిరిగి అడిగితే ఇచ్చేయండి, వాదన పెట్టుకోవద్దు.

ఇక కాగితాల పని. ఇది దగ్గరగా చూస్తే తప్ప అర్థం కాదు.

ఒక నది ఒడ్డు ఊళ్లో, వరద వచ్చిన ఐదో నెలలో, ఒకావిడ నా ముందు ప్లాస్టిక్ కవరు విప్పింది. లోపల తడిసి ఆరి అట్టలా బిగుసుకుపోయిన కాగితాలు. ఒకదాన్నుంచి ఒకటి విడదీయబోతే అక్షరాలు అవతలి కాగితానికి అంటుకుని వచ్చేస్తున్నాయి. ఇల్లు ఎప్పుడో చనిపోయిన మామగారి పేరు మీద ఉంది. కరెంటు బిల్లు భర్త పేరు మీద. బ్యాంకు పుస్తకంలో ఆమె పేరు ఒకలా, గుర్తింపు కార్డులో ఇంకోలా. నష్టం రాసుకోవడానికి వచ్చిన మనిషి గోడ మీద వేసి వెళ్లిన నంబరు ఒకటి, జాబితాలో పడిన నంబరు వేరొకటి. అప్పటికే ఆఫీసు చుట్టూ ఆరుసార్లు తిరిగింది. వెళ్లిన ప్రతిసారీ ఒకరోజు కూలి పోయింది. "ఇక ఏడోసారి వెళ్లను సార్, వచ్చేదానికంటే తిరుగుడుకే ఎక్కువ పోతోంది" అంది. పరిహారం రాలేదని ఆమె ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. వదిలేసుకుంది, అంతే. లెక్కల్లో ఆమె 'దరఖాస్తు చేసుకోని లబ్ధిదారు'గా మిగిలిపోయేది.

ఆ ఊళ్లోనే డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఒక అమ్మాయిని మేం పెట్టుకున్నాం. ఆ అమ్మాయి ఒక పెద్ద రూళ్ల పుస్తకం కొని, ఇంటికో పేజీ కేటాయించింది. ఇంట్లో ఎవరెవరు, ఏం పోయింది, ఏ కాగితం ఉంది, ఏది లేదు, ఏ తేదీన ఏ బల్ల దగ్గర ఎవరు ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు. అంతే, ఇంకే సాఫ్ట్‌వేరూ లేదు. ఒకే రకం చిక్కు ఉన్న పదేసి మందిని ఒకేరోజు తీసుకెళ్లేది. పేరులో తేడా ఉన్నవాళ్లంతా ఒకరోజు, వారసత్వం చిక్కున్నవాళ్లంతా ఇంకోరోజు. అధికారికి కూడా అదే హాయి, ఒకటే సంతకం పదిసార్లు పెట్టాలి. ఏడాది తిరిగేసరికి ఆగిపోయిన దాదాపు నలభై ఇళ్ల కాగితాలు కదిలాయి. ఆ అమ్మాయి జీతం ఏడాది మొత్తానికి కలిపినా ఒక్క ఇల్లు కట్టించే ఖర్చుకు చేరలేదు. ఆ నలభై కుటుంబాలకు వచ్చింది అంతకు ఎన్నో రెట్లు.

కాగితంలో ఏం రాసి ఉందన్నదే ఒక్కోసారి ఊరి రాతను మారుస్తుంది. 2005లో కత్రినా తుపాను తర్వాత అమెరికాలోని లూసియానాలో ఇళ్ల మరమ్మతుకు ఒక పెద్ద పథకం పెట్టారు. తుపానుకు ముందు ఇంటి విలువ ఎంత, మరమ్మతుకు ఎంతవుతుంది, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాని ఆధారంగా సాయం లెక్కగట్టారు. చూడ్డానికి న్యాయంగానే ఉంది కదా? కానీ నల్లజాతి పేటల్లో అదే సైజు ఇంటికి మార్కెట్ విలువ తక్కువ. చెక్కా సిమెంటూ మాత్రం అందరికీ ఒకే రేటు. దాంతో ఆ పేటల్లో చాలామందికి వచ్చిన సాయం ఇల్లు బాగుచేసుకోవడానికి చాలలేదు. విషయం కోర్టుకు వెళ్లి, 2011లో రాజీ కుదిరింది. అప్పటికే ఆరేళ్లు గడిచాయి. అక్కడి న్యూ ఆర్లీన్స్ నగరం జనాభా 2000 లెక్కల్లో 4.85 లక్షలుంటే 2010కి 3.44 లక్షలకు పడిపోయింది. అందుకే నియమాలు వచ్చిన మొదటి వారంలోనే ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. 'ఇది ఎవరిని వదిలేస్తోంది' అనే ప్రశ్నతో చదవాలి.

సాధారణంగా వదిలేసేది అద్దెకున్నవాళ్లను, వేరేవాళ్ల భూమి సాగు చేసుకునేవాళ్లను, ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు పెట్టుకున్న కుటుంబాలను, ఒంటరి ఆడవాళ్లను, వరద సమయంలో పనికోసం వేరే ఊళ్లో ఉన్నవాళ్లను. ఇల్లు పోయిన లెక్క ఇంటి యజమానికి చేరుతుంది. ఇంట్లో సామానంతా పోగొట్టుకున్న అద్దెదారు ఏ లెక్కలోనూ ఉండడు. పైగా మరమ్మతు అయ్యాక యజమాని అద్దె పెంచుతాడు. మీ దగ్గరున్న డబ్బులో నేరుగా చేతికిచ్చే భాగం ఏదైనా ఉంటే అది వీళ్లదే కావాలి. ప్రభుత్వ జాబితాలో పేరున్నవాళ్లకే మీరూ ఇస్తే ఉన్న చీలికనే ఇంకొంచెం పెద్దది చేసినట్టవుతుంది.

జీతమిచ్చే మనిషిని ఎంచుకోవడంలో ఒక జాగ్రత్త. ప్రతి ఊళ్లోనూ కనీసం రెండు వర్గాలుంటాయి. మొదటిరోజు ఇంగ్లిష్‌లో గలగలా మాట్లాడుతూ మీకు ఎదురొచ్చినవాడు తప్పకుండా ఏదో ఒక వర్గం మనిషే. తొందరపడి అతన్నే పెట్టుకోకండి. రెండో నెలా మూడో నెలా తిరిగాక, ఇరువైపుల ఇళ్లలోనూ కూర్చోమని పీట వేసే మనిషెవరో మీకే తెలుస్తుంది. దొరకకపోతే సగం జీతాల మీద ఇద్దర్ని పెట్టుకోండి. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో నెలకోసారి గోడ మీద అతికించండి. ఖాతా నంబర్లూ ఇంటి గొడవలూ మాత్రం గోడకెక్కకూడదు. లేకపోతే ఆరో నెలలో 'ఆ అమ్మాయి కమీషన్ తీసుకుంటోందట' అన్న మాట పుడుతుంది. అది అబద్ధమని తేల్చుకునేలోపు ఆమె పని మానేస్తుంది. మాకు ఒకచోట అలాగే అయింది.

ఇళ్ల సంగతికి వస్తాను, మీలో గట్టిగా వాదన జరుగుతున్నది దీని మీదే కాబట్టి.

బయటివాళ్లు ఇళ్లు కట్టించి ఇవ్వడంలో ఒక తృప్తి ఉంది, కాదనను. వరసగా తెల్లటి ఇళ్లు, తాళాలు అందించడం, రిబ్బను. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలో లాతూరు భూకంపం వచ్చాక 52 ఊళ్లను పూర్తిగా వేరేచోటికి మార్చి కట్టారు. తిన్నని వీధులు, చదరంగం గళ్లలాంటి ప్లాట్లు. జనం మాత్రం పొలాలకు దూరమయ్యారు, పక్కపక్కనే ఉండే అన్నదమ్ముల ఇళ్లు చెదిరిపోయాయి, పశువుల్ని కట్టుకునే చోటు లేదు. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపం తర్వాత ఎక్కువ భాగం వేరే దారి పట్టింది. డబ్బు విడతలుగా ఇంటివాళ్ల ఖాతాలోకే వెళ్లింది, ఒక్కో దశ పూర్తయ్యాక ఇంజినీరు చూసి తర్వాతి విడత వదిలేవాడు, ఇల్లు ఎలా ఉండాలో ఇంటివాళ్లే తేల్చుకున్నారు. దాదాపు రెండు లక్షల ఇళ్లు లేచాయి. తర్వాత పరిశోధకులు వెళ్లి అడిగితే, కాంట్రాక్టరు కట్టిచ్చిన ఇళ్లలో ఉన్నవాళ్లకంటే సొంతంగా కట్టుకున్నవాళ్లే ఎక్కువ తృప్తిగా ఉన్నారు.

అయితే ఈ విడతల పద్ధతిలోనూ ఒక లొసుగుంది. నేపాల్‌లో ఇంటికి మూడు లక్షల నేపాలీ రూపాయలు ఇస్తే మొదటి విడత 50 వేలు. పునాది పూర్తయ్యాకే రెండోది. చేతిలో ఏమీ లేనివాడు 50 వేలతో పునాది ఎలా పూర్తి చేస్తాడు? అప్పు చేస్తాడు, లేదా ఆ 50 వేలూ తిండికి వాడేసి ఆగిపోతాడు. మీలాంటి చిన్న బృందం డబ్బు ఇక్కడ బంగారంలా పనికొస్తుంది: ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య వడ్డీ లేని చేబదులు. తర్వాతి విడత రాగానే తిరిగి ఇస్తారు, అదే డబ్బు ఇంకో ఇంటికి వెళుతుంది. అందరూ తిరిగిస్తారని చెప్పను. మా దగ్గర కొందరు ఇవ్వలేకపోయారు, మేం ఒత్తిడి చేయలేదు. అయినా అదే మొత్తం మూడు నాలుగుసార్లు తిరిగింది.

రెండో పని, కట్టేటప్పుడు చూసే కన్ను. విపత్తు తర్వాత మేస్త్రీలకు ఒక్కసారిగా గిరాకీ పెరుగుతుంది, నిన్నటిదాకా ఇటుకలు మోసినవాడు ఇవాళ మేస్త్రీ అయిపోతాడు. కాంక్రీటు జారుగా ఉంటే పోయడం తేలికని ఇంకో బకెట్ నీళ్లు కుమ్మరిస్తాడు. ఆ ఒక్క బకెట్‌తో బలం పడిపోతుందని ఇంటివాళ్లకు తెలియదు. భూకంపం వచ్చే చోట స్తంభంలో చుట్టూ వేసే రింగుల కొసలు 135 డిగ్రీల దాకా లోపలికి వంచాలి, చేతికి కష్టమని 90 దగ్గర ఆపేస్తారు. ప్లాస్టరింగ్ అయ్యాక ఇవేవీ కనపడవు. మీది వరద ఊరు కాబట్టి చూడాల్సినవి వేరు. పునాది ఎత్తు, పునాది చుట్టూ మట్టి కోసుకుపోకుండా కట్టుదిట్టం, మొన్న నీళ్లు వచ్చిన గీతకు పైన స్విచ్ బోర్డులు. అనుభవమున్న ఒక సివిల్ ఇంజినీరుకు నెలకు నాలుగు రోజులు దారి ఖర్చులు ఇచ్చి తిప్పితే చాలు. పదిమంది మేస్త్రీలకు శిక్షణ ఇప్పిస్తే ఇంకా మంచిది. మీరు వెళ్లిపోయాక కూడా వాళ్లు అక్కడే ఉంటారు.

ఇంకో విషయం, బయటివాళ్లకు తట్టనిది. ఇరుగుపొరుగును విడగొట్టనివ్వకండి. కోబెలో 6,400 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత తాత్కాలిక ఇళ్లను లాటరీ వేసి కేటాయించారు, అందులోనూ ముసలివాళ్లకు ముందు. ఉద్దేశం మంచిదే. ఫలితం ఏమిటంటే, నలభై ఏళ్లు ఒకే సందులో బతికిన ముసలివాళ్లు ముక్కూమొహం తెలియని వరసల్లోకి వెళ్లిపడ్డారు. ఆ ఇళ్లలో ఒంటరిగా చనిపోయి, ఆలస్యంగా బయటపడ్డవాళ్లు 200 మందికి పైనే. జపాన్ అది మరిచిపోలేదు. 2011 సునామీ తర్వాత ఇవనుమ అనే పట్టణంలో వాడలకు వాడల్నే కలిపి ఒకేచోటికి మార్చారు. మీ ఊళ్లో ఎవరినైనా షెడ్లలోకి మారుస్తుంటే ఏ షెడ్డు పక్కన ఏ షెడ్డు అన్న జాబితా ఖరారు కాకముందే వెళ్లి మాట్లాడండి. పైసా ఖర్చులేని పని, కానీ వారం ఆలస్యమైతే ఇక చేయలేరు.

ఉపాధి గురించి నా తప్పొకటి చెబుతాను. ఒక తుపాను తర్వాత, నాలుగో నెలలో, మేం ముప్పై మంది ఆడవాళ్లకు కుట్టుమిషన్లు ఇచ్చాం. శిక్షణ కూడా ఇప్పించాం. పంచినరోజు సభ బ్రహ్మాండంగా జరిగింది. ఎనిమిది నెలల తర్వాత వెళ్లి చూస్తే చాలా ఇళ్లలో మిషను మీద దుప్పటి కప్పి, దాని మీద బిందెలు పెట్టుకున్నారు. ఒకావిడ మొహమాటపడుతూ, "కుట్టించుకునేవాళ్లు ఎవరున్నారు సార్, అందరం ఒకలాగే ఉన్నాంగా" అంది. ఊరంతా చేతిలో డబ్బాడక ఉంటే ముప్పై మంది దర్జీలకు గిరాకీ ఎక్కణ్నుంచి వస్తుంది? ఇవ్వకముందు ఆ ప్రశ్న మాకెవరికీ తట్టలేదు. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో చిన్న పడవల విషయంలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. సంస్థలు పోటీపడి ఇవ్వడంతో కొన్నిచోట్ల సునామీకి ముందున్న వాటికంటే ఎక్కువ పడవలు చేరాయి. కొన్నైతే సముద్రానికి పనికిరాని రకం.

అందుకని కొత్త పని నేర్పాలని ఉబలాటపడకండి. ముందు చేస్తున్న పనే మళ్లీ మొదలుపెట్టుకోనివ్వండి. సైకిల్ మీద తిరిగి అమ్ముకునేవాడికి సైకిలే కావాలి. దగ్గర్లో అంగళ్లు తెరిచి, సరుకు దొరుకుతుంటే వస్తువు కొనివ్వడం కంటే నగదు ఇవ్వడం మేలు. తనకేం కావాలో తనకే తెలుసు. 'తాగేస్తారేమో' అని ప్రతి మీటింగులోనూ ఒకరు అంటారు. కొందరు తాగుతారు కూడా, ఆ కొందరు మనమిచ్చిన మిషన్లు కూడా అమ్ముకుని తాగుతారు. ఎనిమిదో నెల ప్రాంతంలో అసలు నొప్పి ఎక్కడో అడిగి చూడండి, చాలా ఇళ్లలో ఒకే మాట వస్తుంది: వడ్డీ. విపత్తు మొదటి వారంలో దొరికిన రేటుకు తెచ్చిన అప్పు. మిగిల్చిన డబ్బు విలువ అప్పుడు తెలుస్తుంది.

మనసు సంగతి. ఒకసారి మా వాలంటీరు ఇంట్లో పడుకున్నాను. రాత్రి పదింటికి చినుకులు మొదలయ్యాయి. రేకుల మీద చప్పుడు వినగానే తొమ్మిదేళ్ల పిల్ల లేచి, ఏమీ మాట్లాడకుండా తన పుస్తకాల సంచీ, తమ్ముడి సంచీ తీసి అటక మీదికి ఎక్కించి, మళ్లీ వచ్చి పడుకుంది. "చినుకు పడితే చాలు, రోజూ ఇంతే" అంది వాళ్లమ్మ. వరద వచ్చి అప్పటికి పద్నాలుగు నెలలు.

మా బృందంలో ఒకరు ఆ పిల్లకు కౌన్సెలింగ్ ఇప్పించాలన్నారు. నాకైతే ఆ పిల్ల చేస్తున్నది తెలివైన పనే అనిపించింది. బడి మేడ మీద గదిలో గట్టి అల్మారా ఒకటి పెట్టించి, వానాకాలంలో పుస్తకాలు అక్కడే వదిలి వెళ్లొచ్చని టీచర్లతో చెప్పించాం. కొన్నాళ్లకు అటక ఎక్కడం తగ్గింది. అందరికీ ఇంత తేలిగ్గా తగ్గదు. నిద్రపోనివాళ్లు, తిండి మానేసినవాళ్లు, చచ్చిపోతానని మాటల్లో అనేవాళ్లు ఉంటారు, వాళ్లను ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. కానీ వాళ్లు కొద్దిమంది. 2007లో అంతర్జాతీయ సంస్థలన్నీ కలిసి తెచ్చిన మార్గదర్శకాలు ఈ సాయాన్ని పిరమిడ్‌లా చూపిస్తాయి. అడుగున అందరికీ కావాల్సిన భద్రత, తిండి, నీడ. ఆ పైన కుటుంబం, ఇరుగుపొరుగు అండ. నిపుణుల అవసరం కొసన ఉన్న కొద్దిమందికి. అంటే పరిహారం తొందరగా రావడం కూడా మానసిక వైద్యంలో భాగమే.

ఒకటి మాత్రం చేయకండి: జనాన్ని గుండ్రంగా కూర్చోబెట్టి 'ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పండి' అని అడగడం. అలా ఒక్కసారి కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థే వద్దంటోంది. చెప్పాలనుకున్నప్పుడు వాళ్లే చెబుతారు, మీరు అక్కడ ఉంటే చాలు. దాతల వీడియో కోసం పిల్లల చేత చెప్పించడం అయితే ఇంకా ఘోరం. నేను చూసిన చోటల్లా గొడవపడ్డాను.

మొదటి ఏడాది తిరిగే తేదీ దగ్గరపడుతుంటే జనం చిరాగ్గా, ముభావంగా మారతారు. ఆ వారం తప్పకుండా ఊళ్లో ఉండండి. కార్యక్రమం ఏదైనా పెట్టాలా వద్దా అన్నది వాళ్లిష్టం. ఒక ఊళ్లో పెద్ద సభ పెట్టారు, ఇంకో ఊళ్లో ఎవరి గుమ్మంలో వాళ్లు దీపం పెట్టుకుని మౌనంగా ఉండిపోయారు. ఆ రెండో ఊరికి నేను మా బ్యానర్ తీసుకెళ్లి, బండిలోంచి దించకుండానే వెనక్కి తెచ్చేశాను.

రెండో ఏడాదిలో, కాగితాలు ఒక కొలిక్కి వచ్చాక, తర్వాతి వరద గురించి మాట్లాడొచ్చు. మరీ ముందు మాట్లాడితే జనం వినే స్థితిలో ఉండరు, మరీ ఆలస్యమైతే మరిచిపోతారు. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో కరెంటు స్తంభాల మీద గీత గీయడం, నడవలేనివాళ్లు ఏ ఇళ్లలో ఉన్నారో రాసుకోవడం, ఎవరు ఎవరిని బయటికి తేవాలో ముందే అనుకోవడం లాంటి చిన్న పనులు. ఒడిశాలో 1999 అక్టోబరు తుపానుకు దాదాపు పదివేల మంది చనిపోయారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి షెల్టర్లు కట్టారు, ఊరూరా వాలంటీర్లను తయారుచేశారు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. చనిపోయినవాళ్లు పదుల్లోనే ఆగారు.

నా సలహా అన్నిచోట్లా కుదరదు. ఊరినే అక్కణ్నుంచి ఖాళీ చేయించే ఆలోచన ఉంటే మరమ్మతుల మీద పైసా పెట్టకండి, ముందు ఆ సంగతి తేలనివ్వండి. సునామీ తర్వాత శ్రీలంకలో తీరం నుంచి 100, 200 మీటర్ల లోపల కట్టకూడదని నియమం పెట్టి, తర్వాత సడలించారు. ఈలోపు జనం ఎటూ కాకుండా నలిగిపోయారు. పక్క ఊళ్లవాళ్లు 'మాకేం లేదా' అని అడుగుతారు, మీకు చేతకాదని నిజాయితీగా చెప్పండి. మీ రూళ్ల పుస్తకం పద్ధతి మాత్రం వాళ్లకూ నేర్పండి.

మీ గ్రూపులో సగం మంది జారుకున్నారని బాధపడుతున్నారు. అది మామూలే. పదిహేను మంది మూడేళ్లు ఉండరు, ఉండక్కర్లేదు. నలుగురు మిగిలితే చాలు, ఇద్దరు ఒక నెల, ఇద్దరు ఇంకో నెల. వెళ్లినప్పుడు ఖాళీ చేతులతో వెళ్లడం అలవాటు చేసుకోండి. మొదటి రెండుసార్లు జనం మీ సంచీ వైపే చూస్తారు. మూడోసారి నుంచి కుర్చీ వేస్తారు.

ఈ వారంలో చేయాల్సింది ఒకటే. పంపిణీ కోసం మీరు రాసుకున్న ఇళ్ల జాబితా ఉంటుంది కదా, అది తీసి అందులో అద్దెకున్నవాళ్లు ఎంతమందో, ఇల్లు చనిపోయినవాళ్ల పేరు మీదే ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలూ ఇక్కడ పెడితే మీరు జీతం మీద పెట్టుకునే మనిషికి ఎంత పని ఉంటుందో, ఒకరు సరిపోతారో ఇద్దరు కావాలో చెబుతాను.